రక్తనాళం నున్నటి గొట్టం కాదు

[తెర మీద: మామూలుగా కనిపించే రక్తనాళం బొమ్మ]

ఈ బొమ్మ మీరు చాలాసార్లు చూసే ఉంటారు. లోపల నున్నగా మెరిసే గొట్టం, అందులో జారిపోతున్న ఎర్ర కణాలు. దీన్ని చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. నాళంలో అన్నిటికన్నా అందమైన భాగం ఇందులో లేనే లేదు!

ఏటి అడుగున నీళ్లలో మునిగి ఊగే గడ్డిని ఊహించుకోండి. నాళం లోపలి గోడ అలా ఉంటుంది. గోడకు ఒక్క వరుసలో పరుచుకున్న ఎండోథీలియల్ కణాలే ఆ గడ్డిని పెంచుతాయి. ఆ పొర పేరు గ్లైకోకాలిక్స్. అందులో ముఖ్యమైన మొక్కలు ప్రోటియోగ్లైకాన్లు.

ఒక్కో మొక్కకీ ప్రోటీన్ ఒక కాడ. దానికి పొడవాటి ఆకుల్లా చక్కెర గొలుసులు. చక్కెర అనగానే గ్లూకోజు గుర్తొస్తుంది కానీ, ఇవి వేరు. వీటిలో ఎక్కువ భాగం హెపరాన్ సల్ఫేట్. దాని నిండా నెగటివ్ ఛార్జే. అందుకే నీటిని పట్టి ఉంచుకుంటుంది.

మొక్కల్లోనూ రకాలున్నాయి. సిండెకాన్ వేరు కణం పొరను దాటి లోపలికి దిగుతుంది. గ్లిపికాన్ పొర పైభాగంలోనే పాతుకుని ఉంటుంది. పెర్లెకాన్‌ని మాత్రం కణాలు తమ అడుగునున్న పొరలోకి పంపుతాయి, అంటే గడ్డి కింద మట్టిలోకి.

మరి ఇంత గడ్డి బొమ్మల్లో ఎందుకు లేదు? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం కణజాలాన్ని మామూలు పద్ధతిలో సిద్ధం చేస్తే ఇది చాలావరకు కొట్టుకుపోతుంది, మిగిలింది కూలిపోతుంది. 1966లో లుఫ్ట్ అనే శాస్త్రవేత్త రుథీనియం రెడ్ అనే రంగు వాడాడు. అది నెగటివ్ ఛార్జ్‌ని పట్టుకుంటుంది. దాంతో పొర కనిపించింది. తర్వాత ఇన్నేళ్లయినా బొమ్మలు మారకపోవడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు ఆ గడ్డి చేసే పని చూద్దాం. రక్తం వేగంగా పారితే ఆకులు వంగుతాయి. ఆ లాగుడు కాడ ద్వారా కణానికి తెలుస్తుంది. ముఖ్యంగా గ్లిపికాన్-1 ద్వారా అందిన కబురుతో కణం నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది, నాళం వెడల్పవుతుంది. నాకు బాగా నచ్చేది ఇదే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గోడ ప్రవాహాన్ని తడిమి చూసుకుంటోందన్నమాట.

రక్తం గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్ కూడా ఈ ఆకులకే అతుక్కుంటుంది, అతుక్కున్నాక దాని పని జోరందుకుంటుంది. హెపారిన్ ఇంజెక్షన్ చేసేది కూడా ఇదే. హెపారిన్, హెపరాన్ సల్ఫేట్ రెండూ ఒకే కుటుంబం.

టైమ్ అయిపోతోంది, మిగిలింది గబగబా చెప్పేస్తాను. తెల్ల కణాలు అతుక్కోవడానికి వాడే, గోడ మీదుండే కొక్కేలు పొట్టివి. గడ్డి ఏపుగా ఉన్నంతకాలం అవి చాలావరకు అందులో మునిగి ఉంటాయి. తీవ్రమైన వాపు (ఇన్‌ఫ్లమేషన్) వచ్చినప్పుడు గోడ కణాలే కొన్ని ఎంజైములు వదులుతాయి. హెపరానేజ్ ఆకుల్ని కోస్తుంది, ఎంఎంపీలు (మ్యాట్రిక్స్ మెటలోప్రోటీనేజ్‌లు) సిండెకాన్‌ని కాడతో సహా తెగ్గొడతాయి. కొక్కేలు బయటపడతాయి, నాళం నుంచి ద్రవం కారుతుంది, ఒళ్లు ఉబ్బుతుంది. ఇన్ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించే ప్రమాదకర స్థితి సెప్సిస్. అందులో జరిగేవాటిలో ఇదొకటి. తెగిపడిన సిండెకాన్-1 రక్తంలో తేలుతుంది కాబట్టి, గోడ ఎంత దెబ్బతిందో అంచనా వేయడానికి పరిశోధకులు దాన్నే కొలుస్తారు. కణాలు బతికి ఉంటే గడ్డి మళ్లీ పెరుగుతుంది. ఎంత త్వరగా పెరుగుతుందనేది ఆ వాపు ఎప్పుడు తగ్గుతుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.