కారు తోస్తే తెలిసే త్వరణం

శ్రోతలకు నమస్కారం.

కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. బ్యాటరీ డౌన్. స్టీరింగ్ దగ్గర ఒకరు కూర్చుంటే మిగతావాళ్లం దిగి వెనక చేరతాం. గేర్లు మార్చే కారు లెండి, ఆటోమేటిక్ అయితే ఎంత తోసినా స్టార్ట్ కాదు. కాళ్లు నేలకి తన్నిపెట్టి గట్టిగా నెడితే చక్రం మెల్లగా దొర్లుతుంది. అదే బలంతో తోస్తూనే ఉంటే మన నడక కాస్తా పరుగవుతుంది. చూశారా, మనం తోపు పెంచలేదు, కారు వేగం మాత్రం పెరుగుతూ పోయింది. అలా వేగం మారే రేటునే త్వరణం అంటారు.

1687లో అచ్చయిన తన పుస్తకంలో న్యూటన్ చెప్పింది ఇదే. బలం వల్ల కలిగేది వేగం కాదు, వేగంలో మార్పు. బళ్లో సూత్రం బట్టీపట్టిన చాలామందికి ఇక్కడే తికమక.

కారు బరువు 1000 కిలోలనుకుందాం. రాపిడికి పోగా మన తోపులో 200 న్యూటన్లు మిగిలాయి. అంటే దాదాపు 20 కిలోల బియ్యం సంచిని ఎత్తి పట్టుకునేంత బలం. త్వరణం కావాలంటే బలాన్ని కిలోల్లోని బరువుతో భాగించాలి. 200ని 1000తో భాగిస్తే 0.2. అంటే ప్రతి సెకనుకీ కారు వేగం సెకనుకు 0.2 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 10 సెకన్లకి సెకనుకు 2 మీటర్లు, గంటకు 7 కిలోమీటర్ల పైమాటే. మిగిలే బలం రెట్టింపైతే ఆ వేగం 5 సెకన్లలోనే వస్తుంది. సామానుతో కలిపి బరువు 2000 కిలోలై, మిగిలే బలం 200 న్యూటన్లే అయితే 20 సెకన్లు పడుతుంది.

మరి ఒకే వేగంతో సైకిల్ తొక్కినా కాళ్లు పీకుతాయెందుకు? మనం వేసే బలాన్ని గాలి, రాపిడి మొత్తం మింగేస్తాయి. మిగిలేది సున్నా, అందుకే త్వరణమూ సున్నా.

శ్రీహరికోటలో ఎల్‌వీఎం3 రాకెట్ లేచేటప్పుడు బరువు సుమారు 640 టన్నులు, అందులో ఎక్కువ భాగం ఇంధనమే. అది మండిపోయేకొద్దీ రాకెట్ తేలికవుతుంది, అంతే బలానికి త్వరణం పెరుగుతుంది.

మన కారు కూడా స్టార్టయింది. బ్రేకు వేసేదీ బలమే, కాకపోతే ఎదురు దిక్కున. మళ్లీ ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో డ్రైవరు ఆ బ్రేకు వేయడు. తోసినవాళ్లం పరుగెత్తి ఎక్కాల్సిందే.