"చూడండి" అనకుండా చెప్పగలమా?

అందరికీ నమస్కారం. గైడ్లు, మ్యూజియం సిబ్బంది, హోటల్ రిసెప్షన్‌లో ఉండేవాళ్లు, టికెట్ కౌంటర్ వాళ్లు, టూరిస్టు కార్ల డ్రైవర్లు, ఇంతమంది ఒక రోజు సంపాదన వదులుకుని వచ్చారు. మన పనిలో ఉన్నవాళ్లు ఏ పాడ్‌కాస్ట్‌లు వింటే మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. అసలు నేను వినడం ఎలా మొదలుపెట్టానో ముందు చెప్తాను.

రామప్ప గుడి దగ్గర అప్పటికి నాకు 11 ఏళ్ల అనుభవం. చలికాలం, ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. రిటైర్డ్ లెక్చరర్. చూపు లేదు. అది తెలిసి కూడా నేను నోటికొచ్చిన పాఠమే అందుకున్నాను. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, గర్భగుడి పైన విమానం, అంటే గోపురం, దాని ఇటుకలు నీళ్లలో తేలుతాయి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇటు చూడండి, ఆ మదనికను, అదే ఆ స్త్రీ శిల్పాన్ని చూడండి, కింద ఏనుగుల వరుస చూడండి. సగం గుడి తిరిగాక ఆయన ఆగి, మెల్లగా అన్నారు: "బాబూ, ఆ చూడండి అన్న మాట తీసేసి, ఒక్క బొమ్మ గురించి చెప్పవా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. రోజూ పదిసార్లు చూపించే మదనిక ఏ కాలి మీద బరువు వేసి నిలబడిందో నాకు తెలియదు. 11 ఏళ్లుగా నేను వేలు చూపించాను, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కొన్నాళ్లకు ఒక టూరిస్టు మాటల్లో చెప్తే "ఎ హిస్టరీ ఆఫ్ ద వరల్డ్ ఇన్ 100 ఆబ్జెక్ట్స్" విన్నాను. బ్రిటిష్ మ్యూజియం, బీబీసీ రేడియో 4 కలిసి 2010లో చేసిన కార్యక్రమం. అప్పటి మ్యూజియం డైరెక్టర్ నీల్ మెక్‌గ్రెగర్ చెప్తారు. వంద వస్తువులు, వంద ఎపిసోడ్లు, ఒక్కోటి పావుగంట. ఈజిప్టు మమ్మీతో మొదలై సోలార్ దీపంతో ముగుస్తుంది. మ్యూజియం వస్తువును రేడియోలో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. వినేవాళ్ల ముందు వస్తువు లేదు, ఫోటో లేదు. అచ్చం నా ముందు ఆ పెద్దాయన నిలబడ్డట్టే.

అందులో అశోకుడి స్తంభం మీద ఒక ఎపిసోడ్ ఉంది. వాళ్ల దగ్గరున్నది మొత్తం స్తంభం కాదు, విరిగిన రాతిముక్క. దాని గురించే చెప్తూ మనల్ని పావుగంట కూర్చోబెడతారు. మన మ్యూజియంల నిండా విరిగిన రాళ్లే కదా. "శిల్ప భాగం, ఫలానా శతాబ్దం" అని చీటీ పెట్టి వదిలేస్తాం. మ్యూజియంలో పనిచేసే ప్రతి ఒక్కరూ ఆ ఒక్క ఎపిసోడ్ అయినా వినాలని నా కోరిక. మన అమరావతి శిల్పాలు కూడా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని తలచుకుంటూ వింటే గుండె కొంచెం బరువెక్కుతుంది. అయినా వినండి.

నేను రెండుసార్లు మొత్తం విన్నాక గుడికి వెళ్లి, కూర్చుని, ఒక్క మదనికను గంటసేపు చూశాను. ఇప్పుడు ఇలా చెప్తాను: "గుడి గోడ ఎర్రటి ఇసుకరాయి, ఈవిడ నల్లరాయి. స్తంభానికీ పైన చూరుకీ మధ్య ఏటవాలుగా ఒరిగి నిలబడింది. రాయి ఎంత నునుపంటే, ఎండ పడితే ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉంటుంది." విచిత్రం ఏమిటంటే, కళ్లున్నవాళ్లు కూడా ఇది విన్నాకే ఆగుతున్నారు. "చూడండి" అంటే ఫోన్ ఎత్తి ఫోటో తీసుకుని ముందుకు పోయేవాళ్లు.

రెండోది "99 పర్సెంట్ ఇన్విజిబుల్". అమెరికాలో రోమన్ మార్స్ 2010లో మొదలుపెట్టారు. మనం పట్టించుకోని వస్తువులు, కట్టడాలు, బోర్డులు, గుర్తుల వెనక ఎవరి ఆలోచన ఉందో చెప్పే పాడ్‌కాస్ట్. ఇది విన్నాక మన పార్కింగ్ బోర్డు, చెప్పులు విడిచే చోటు, టాయిలెట్ బాణం గుర్తు, క్యూ ఎండలో ఉందా నీడలో ఉందా అన్నది, అన్నీ కొత్తగా కనపడతాయి. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే. ఇంగ్లిష్ యాస అర్థం కాదని టెన్షన్ పడకండి. స్పీడ్ తగ్గించుకోవచ్చు. ఈ పాడ్‌కాస్ట్ మాటలన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో రాసి పెడతారు, చదువుతూ వినొచ్చు. నా ఇంగ్లిష్ సగం అలాగే బాగుపడింది.

మేనేజర్లకు రెండు. "స్కిప్ ద క్యూ" బ్రిటన్‌లో మ్యూజియంలు, జంతుప్రదర్శనశాలలు, కోటలు, పార్కుల్లో పనిచేసేవాళ్ల కోసం చేస్తున్నది. "అట్రాక్షన్‌ప్రోస్" అమెరికాది, మాట్ హెలర్, జోష్ లీబ్‌మన్ ఇద్దరూ ఈ రంగం వాళ్లతో మాట్లాడతారు. వాళ్ల టికెట్ ధరలు, వాళ్ల వ్యాపార లెక్కలు మనకు సరిపోవు, అవి దాటేయండి. కానీ కోపంగా వచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలి, సీజన్‌కు తీసుకున్న కుర్రాళ్లకు ఎలా నేర్పాలి, ఈ బాధలు అక్కడా ఇక్కడా ఒకటే. కౌంటర్‌లో రోజంతా మాటలు పడే అమ్మాయికి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదంటే అది ఆమె తప్పు కాదు. మేనేజర్లు ముందు వినాలి.

గోల్కొండ గైడ్లు "ఎంపైర్" వినండి. విలియం డాల్రింపుల్, అనితా ఆనంద్ 2022లో ఈస్టిండియా కంపెనీ కథతో మొదలుపెట్టారు. కోహినూర్ మీద ఇద్దరూ కలిసి పుస్తకం రాసినవాళ్లు. కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే ఆ వజ్రం గురించి అడగని టూరిస్టు ఉండడు కదా! అయితే ఒక మాట. పాడ్‌కాస్ట్‌లో విన్న ప్రతిదీ వెంటనే జనానికి చెప్పేయకండి. శాసనం ఏమంటుందో, పురావస్తు శాఖ బోర్డు మీద ఏముందో సరిచూసుకోండి. మన నోట్లోంచి వచ్చిన తప్పు పదిమంది పిల్లల నోటుబుక్కుల్లోకి ఎక్కుతుంది.

తెలుగులో "హర్షణీయం" ఉంది. పర్యాటకం గురించి కాదు, మన కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడతారు. తెలుగు వాక్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు దించాలో చెవికి తెలియాలంటే వినాలి. తెలుగు టూరిస్టులకు మనం ఇంగ్లిష్ పాఠాన్ని అనువాదం చేసి చెప్తున్నాం. అందుకే వాళ్లు నెమ్మదిగా పక్కకు జారుకుంటున్నారు.

మన పనివాళ్ల కోసం మన భాషలో ఒక పాడ్‌కాస్ట్ కావాలి. ఎదురుచూడకుండా మనమే చేద్దాం. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. అక్కడ లోపల తిప్పి చూపించేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఆ ఇరుకు పడకల మీద పడుకోవడం ఎలా ఉంటుందో వాళ్లు చెప్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ మాటలు ఎక్కడా రికార్డు కాకుండా పోతే మళ్లీ తేలేం.

అందుకని ఒక పని అడుగుతున్నాను. వచ్చే నెల మళ్లీ కలుస్తున్నాం కదా. మీరు పనిచేసే చోట ఒక్క వస్తువును ఎంచుకోండి. స్తంభం కావచ్చు, ఫిరంగి కావచ్చు, పాత గడియారం కావచ్చు. ఫోన్‌లో ఐదు నిమిషాలు దాని గురించి మాట్లాడి రికార్డు చేసి తీసుకురండి. ఫ్యాను శబ్దం ఉన్నా పర్వాలేదు. "చూడండి" అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా రాకూడదు. అందరం కళ్లు మూసుకుని విందాం.