ఊపిరితిత్తులు ఊపిరి పీల్చవు, మరి ఎవరు పీలుస్తున్నారు?

"ఊపిరితిత్తులు గుండె లాగే వాటంతటవే పనిచేస్తాయి కదా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. గుండెకి వెళ్ళే నరాలన్నీ కోసేసినా అది కొట్టుకుంటూనే ఉంటుంది, దాని పేస్‌మేకర్, అంటే లయ పుట్టించే కణాల గుంపు, దాని లోపలే ఉంది, గుండె మార్పిడి చేస్తే ఆ కొత్త గుండె పనిచేసేది కూడా అందుకే. ఊపిరితిత్తులకి ఆ సీన్ లేదు. గాలిని లోపలికి లాక్కునే కండరమే వాటిలో లేదు, ఎక్కువగా లాగేది కింద ఉన్న డయాఫ్రమ్, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం. పోనీ దానికైనా సొంత లయ ఉందా అంటే అదీ లేదు. దానికి ఆర్డర్లు మోసుకొచ్చే ఫ్రెనిక్ నరం ఒకవైపు తెగిందా, ఆ వైపు డయాఫ్రమ్ చచ్చుబడిపోతుంది.

ఒక పెద్ద పడవ ఊహించుకోండి. తెడ్లేసేవాళ్ళు ఒక వరసలో కూర్చున్నారు, ముందు ఒకడు డప్పు కొడుతున్నాడు, దెబ్బ పడితేనే వీళ్ళు తెడ్డు వేస్తారు, లేకపోతే కదలరు.

తెడ్లేసేవాళ్ళు వెన్నుపాములో ఉన్న మోటార్ న్యూరాన్లు, అంటే కండరాలకి ఆర్డర్ పంపే నరాల కణాలు. ఎక్కడో తెలుసా, మెడలో! సీ3, సీ4, సీ5 దగ్గర, అంటే మెడ భాగంలో వెన్నుపాము మూడు, నాలుగు, ఐదో మెట్ల దగ్గర. డయాఫ్రమ్ ఉండేదేమో ఛాతీ అడుగున, దాని నరం మాత్రం మెడ నుంచి అంత దూరం దిగొస్తుంది. ఎందుకంటే పిండంలో డయాఫ్రమ్ తయారవడం మొదలయ్యేదే మెడ దగ్గర, తర్వాత కిందకి జారుతూ నరాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. నాకు ఈ టాపిక్ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే.

డప్పు కొట్టేవాడు ఇంకా పైన, మెదడుని వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్ కింది భాగమైన మెడుల్లాలో ఉంటాడు. ఊపిరిని నడిపేది అక్కడి నుంచే అని 1800ల మొదట్లోనే ఫ్రాన్స్‌లో లెగాల్వా అనే డాక్టర్ కుందేళ్ళ మీద చూపించాడు, కానీ సరిగ్గా ఏ న్యూరాన్ల గుంపో దొరకడానికి 1991 దాకా పట్టింది. జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ అనే శాస్త్రవేత్తల టీమ్ అప్పుడే పుట్టిన ఎలుక మెడుల్లా నుంచి పల్చటి ముక్క కోసి గిన్నెలో పెడితే, ఆ ముక్క ఊపిరి లయని కొడుతూనే ఉంది! ఊపిరితిత్తుల్లేవు, ఒళ్ళే లేదు, పడవే లేదు, వీడు మాత్రం డప్పు ఆపలేదు. ఆ గుంపు పేరు ప్రీబోట్‌జింగర్ కాంప్లెక్స్. అన్నట్టు, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఈ డప్పు పీల్చడానికి మాత్రమే, వదలడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు, సాగిన ఊపిరితిత్తులు రబ్బరులా వెనక్కి ముడుచుకుంటాయి అంతే. పరిగెత్తేటప్పుడైతే వదలడానికి కూడా పొట్ట కండరాలు రంగంలోకి దిగుతాయి.

మరి డప్పు స్పీడు పెంచమని చెప్పేదెవరు? ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది, ఇదింకో తలనొప్పి. మామూలుగా మెయిన్ బాస్ కార్బన్ డయాక్సైడ్. అది పెరిగితే రక్తం కాస్త యాసిడ్ వైపు వెళ్తుంది, మెడుల్లాలో దాన్ని కనిపెట్టే న్యూరాన్లు ఉన్నాయి, పడవలోకి నీళ్ళొస్తున్నాయా అని చూసే కాపలావాడన్నమాట. మెడ రక్తనాళాల దగ్గరున్న కెరోటిడ్ బాడీలనే చిన్న సెన్సర్లు ఆక్సిజన్‌ని చూస్తాయి కానీ అది బాగా పడిపోతే తప్ప పెద్దగా అరవవు. అందుకే నీళ్ళలో మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదలడం ప్రమాదం: ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది, కాపలావాడు అరవకముందే మనిషి స్పృహ తప్పుతాడు.

ఇక పడవలో ఒక ప్రయాణికుడు కూడా ఉన్నాడు, మెదడు పైభాగం, కార్టెక్స్. పాట పాడాలన్నా, ఊపిరి బిగబట్టాలన్నా ఈయన డప్పువాణ్ణి పట్టించుకోకుండా నేరుగా తెడ్లేసేవాళ్ళకే ఆర్డర్ వేయగలడు, దానికి వేరే దారి ఉంది. కానీ నిద్రపోతే ఈయనా నిద్రపోతాడు. సీసీహెచ్‌ఎస్ అని ఒక అరుదైన జబ్బు ఉంది, ఎక్కువగా ఫాక్స్2బీ అనే జీన్‌లో తేడా వల్ల వస్తుంది, అందులో కాపలావాడు సరిగ్గా పనిచేయడు, పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు చాలావరకు బానే ఉంటారు, నిద్రపోతే ఊపిరి చాలదు, వెంటిలేటర్ పెట్టాల్సిందే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. వెన్నుపాము సీ3కి పైన పూర్తిగా తెగితే డప్పు మోగుతూనే ఉంటుంది కానీ తెడ్లేసేవాళ్ళకి వినపడదు, వెంటిలేటర్ కావాలి. సీ6 దగ్గర తెగితే డయాఫ్రమ్ నడుస్తుంది, పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు పోతాయి కాబట్టి గట్టిగా దగ్గలేరు, కఫం పేరుకుంటుంది. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి గట్టి నొప్పి మందులు డోసు మించితే ప్రాణం తీసేది కూడా డప్పువాణ్ణి మత్తులో పడేసే. నాలోక్సోన్ అనే విరుగుడు ఆ మందుని రిసెప్టర్ల (కణాల మీద అది అతుక్కునే చోట్ల) మీద నుంచి తోసేస్తుంది, నిమిషాల్లోనే డప్పు మళ్ళీ మొదలవ్వొచ్చు. కాకపోతే దాని పవర్ కొన్నిసార్లు ఆ మందు కంటే ముందే దిగిపోతుంది, అందుకే మనిషి లేచి కూర్చున్నాక కూడా హాస్పిటల్‌లో ఉంచి కనిపెట్టుకుంటారు.