ఇవాళ కృష్ణుడెవరు?

(హనుమకొండలో నాటకాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

పద్యనాటకం ఉన్న రోజు ఆడిటోరియం గేటు దగ్గర కాసేపు నిలబడితే ఒకే మాట మళ్లీ మళ్లీ వినబడుతుంది: ఇవాళ కృష్ణుడెవరు? రాయబారంలో ఏం జరుగుతుందో మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. సంధి కుదరదని తెలిసే వచ్చి కూర్చుంటాం. తెలియనిదల్లా ఆ పద్యం ఇవాళ ఏ గొంతులో పలుకుతుందన్నదే. అందుకే ఆ ప్రశ్నను నేను తప్పు పట్టను. అయితే దానికి "మీరనుకున్న ఆయన కాదు, ఇంకొకరు" అన్న జవాబు వచ్చినప్పుడు మన ముఖాలు ఎలా మారతాయి, ఎందుకు మారతాయి అన్నదాని మీద నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ఇప్పుడే ఎందుకంటే, మన దగ్గర పాత నాటకాలను మళ్లీ వేదిక ఎక్కించే ఉత్సాహం కనబడుతోంది. 2024 నవంబరులో ఇక్కడ హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం ఆడిటోరియం తెరుచుకుంది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట హార్మోనియం ముందు కూర్చుని పద్యం నేర్చుకుంటున్న పిల్లలు నాకు తెలుసు. మరోపక్క, పెద్ద వేషాలు కట్టే నటులకు వయసు మీద పడుతోంది. కిరీటం పెట్టుకుని, ఆభరణాల బరువు మోస్తూ, పద్యం తర్వాత పద్యం పాడి, మర్నాడు మళ్లీ అదే గొంతుతో రమ్మంటే ఎలా వస్తుంది? ఒక పాత్రకు ఇద్దరు ఉండక తప్పదు.

సంగీత నాటకం పెద్ద వ్యాపారంగా నడిచే న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఇది ఎప్పుడో కుదురుకున్న ఏర్పాటు. వారానికి ఎనిమిది ప్రదర్శనలు అక్కడి లెక్క. అదే నాటకంలో చిన్న వేషం వేస్తూ, అవసరం పడితే పెద్ద వేషం వేసే వాళ్లను అండర్‌స్టడీ అంటారు. ఏ వేషమూ లేకుండా పిలుపు కోసం సిద్ధంగా ఉండేవాళ్లు స్టాండ్‌బై. వారంలో ఫలానా రోజు ఫలానా ఆట నీదే అని ముందే రాసిచ్చిన వాళ్లు ఆల్టర్నేట్. ఈ మూడో ఏర్పాటు గురించే నేను మాట్లాడుతున్నది.

"ఫన్నీ గర్ల్" అని 1964లో వచ్చిన సంగీత నాటకం ఉంది. అందులో నాయిక ఫ్యానీ బ్రైస్‌గా వేసిన బార్బ్రా స్ట్రైసాండ్‌కి ఎంత పేరొచ్చిందంటే, ఆ పాత్ర అంటే ఆమే అన్నట్టు అయిపోయింది. ఆ నాటకం బ్రాడ్‌వేలో మళ్లీ వేదిక ఎక్కడానికి 2022 దాకా పట్టింది. అప్పుడు ఫ్యానీగా వేసిన బీనీ ఫెల్డ్‌స్టీన్ జులై నెలాఖరుకు తప్పుకున్నారు. తర్వాత వచ్చే లియా మిచెల్ సెప్టెంబరులో గాని రారు. మధ్యలో ఆగస్టు నెలంతా నాటకాన్ని మోసింది అప్పటిదాకా స్టాండ్‌బైగా ఉన్న జూలీ బెంకో. మిచెల్ వచ్చాక కూడా బెంకోను పక్కన పెట్టలేదు. గురువారాల ఆట ఆమెదేనని ప్రకటించారు. గురువారం టికెట్ కొన్నవాళ్లకు ఎవరిని చూడబోతున్నారో తెలుసు. ఆమె కోసమే గురువారం ఎంచుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. చివరి నిమిషంలో మారిన పేరు వినడం వేరు, మన ఇష్టంతో ఎంచుకున్న పేరును వినడానికి వెళ్లడం వేరు. ప్రేక్షకుడి మనసు తేడా పడేది అక్కడే.

అక్కడ కూడా నిట్టూర్పులు లేవని కాదు. ఫలానా పాత్రను ఇవాళ ఫలానా వారు పోషిస్తున్నారని చిన్న కాగితం ఒకటి ప్రోగ్రాం పుస్తకంలో పెట్టి ఇస్తారు. అది చూసి ఉసూరుమనే వాళ్లు అక్కడా ఉంటారు. 2021 డిసెంబరులో "మ్యూజిక్ మ్యాన్" నాటకంలో నాయిక సటన్ ఫాస్టర్ రాలేకపోతే, క్యాథీ వోయ్ట్‌కో అనే ఆవిడ ఆ వేషం కట్టారు. ఆట ముగిశాక నాయకుడు హ్యూ జాక్‌మన్ ఆమెను ముందుకు పిలిచి, ఇలాంటి వాళ్లే బ్రాడ్‌వేకి పునాది అని అందరి ఎదుట చెప్పాడు. అంత పెద్ద స్టార్ ఆ మాట అనాల్సి వచ్చిందంటే, మామూలు రోజుల్లో వాళ్లకు దక్కే గుర్తింపు ఎంతో అర్థం చేసుకోవచ్చు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ మధ్య ఒక పాత పౌరాణిక నాటకాన్ని మళ్లీ కట్టిన బృందం వరంగల్‌లో ఆడింది. బృందం పేరు చెప్పను. ఫ్లెక్సీ నిండా ప్రధాన నటుడి బొమ్మే. తెర లేవడానికి కాస్త ముందు మైకులో "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టి, ఆయన రావడం లేదని చెప్పి ఆపేశారు. వచ్చేదెవరో చెప్పలేదు. హాలంతా గుసగుస. నా వెనక వరుసలో ఒకాయన లేచి, "ఎవలో కొత్త పిలగాడట, పోదాం పా" అన్నాడు. పక్కనున్నాయన చెయ్యి పట్టి, "కూసో బావా, ఒక్క పద్యం ఇని పోదాం" అన్నాడు.

మొదటి పద్యం సరిగా రాలేదు. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు జీరపోయింది. ముందు వరుసల్లో కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు వింటే చాలా బాధేసింది. ఎందుకంటే తప్పు ఆ కుర్రాడిది కాదు. హార్మోనియం ఆ రాని ప్రధాన నటుడి, అంటే పెద్దాయన శ్రుతిలోనే నడుస్తోంది. రెండో రంగానికి హార్మోనిస్టు విషయం పట్టుకుని శ్రుతి దించాడు. ఇక చూడాలి! అదే కుర్రాడు దుర్యోధనుడి కళ్లలోకి చూస్తూ ఒక్కో మాట విడివిడిగా, అర్థం తెగకుండా చెప్తుంటే ఫోన్లు చూసుకుంటున్న వాళ్లు కూడా తలెత్తారు. రాగం మరీ సాగదీయలేదు. పద్యం అయ్యాక వెనక నుంచి "వన్స్ మోర్" అని కేక. ఎవరో తెలుసా? పోదాం పా అన్నాయనే. ఆట అయ్యాక ఆయనే కరపత్రం తిప్పి తిప్పి చూస్తున్నాడు. అందులో ఆ అబ్బాయి పేరు లేదు.

పేరు లేకపోవడమే నన్ను ఇక్కడికి మాట్లాడటానికి తెచ్చింది.

ఒకే పాత్రను ఒకరికంటే ఎక్కువ మంది కట్టడం మన నాటకానికి కొత్తేమీ కాదు. కాంట్రాక్టు నాటకాల కాలం గుర్తున్న పెద్దలు ఈ సభలో ఉన్నారు. పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుంచి పిలిపించి ఒకే రాత్రి ఒకే నాటకంలో దింపేవారు. వాల్‌పోస్టరు మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వరుసగా పేర్లు ఉండేవి. ఒక రంగానికి ఒకాయన, తర్వాతి రంగానికి ఇంకొకాయన. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి రంగస్థల నటుల గొంతులు విని పెరిగిన వాళ్లు ఎవరు ఏ పద్యాన్ని ఎలా ఎత్తుకున్నారో తెల్లారేదాకా వాదించుకునేవారు. ఆ పద్ధతి వల్ల నాటకం చెడిందని, పాత్ర పోయి పాటకచేరీ మిగిలిందని విమర్శ ఉంది. ఆ విమర్శ నిజమేనని నేనూ అనుకుంటాను. కానీ ఒక్క మేలు జరిగింది. ప్రేక్షకుడికి పోల్చే చెవి వచ్చింది. రెండో కృష్ణుడు అన్న మాట అప్పట్లో చిన్నతనంగా ఉండేది కాదు. పోస్టరు మీద పేరు ఉండేది కదా.

మన ఉత్తర తెలంగాణ ఊళ్లలో భాగోతం, చిందు యక్షగానం సంగతి ఇంకా వేరు. అక్కడ వేషం ఇంటిది. తండ్రి కట్టిన వేషం కొడుకు కడతాడు, అన్నకు జ్వరమొస్తే తమ్ముడు గజ్జె కడతాడు. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా కట్టి మెప్పించింది. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి కుటుంబాల్లో పిల్లలు ఒక్క వేషం నేర్చుకోరు. వేదిక పక్కన కూర్చుని ఆట మొత్తం చెవులతోనే నేర్చుకుంటారు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక కుటుంబాలదీ అదే దారి. చూసే ఊరివాళ్లు కూడా వేషం కట్టింది ఎవరని అడుగుతారు, కానీ దాని కోసం లేచి వెళ్లిపోరు. ఆట ఎవరిదో కాదు, ఊరిది.

మరి మనం ఎప్పుడు మారాం? నాకు తోచింది చెప్తాను. గ్రామఫోన్ రికార్డు, ఆ తర్వాత సినిమా, ఇప్పుడు యూట్యూబ్. 1957లో "మాయాబజార్" వచ్చాక కృష్ణుడంటే ఎన్.టి.రామారావు ముఖమే కళ్ల ముందు నిలిచింది. అదేవిధంగా పద్యం అంటే ఫోన్‌లో పదిసార్లు విన్న ఆ ఒక్క రికార్డింగే. వేదిక మీద కొత్త గొంతు ఎక్కడ గమకం మార్చినా మనకు తప్పులా వినిపిస్తుంది. కుర్రాళ్లు కూడా ఆ భయంతోనే పెద్దాయన ఊపిరి తీసుకునే చోటుతో సహా అనుకరిస్తున్నారు. అది నేను ఒప్పుకోలేను. ఒకరి నీడగా నిలబడమని చెప్పి, ఆపైన నీడలాగే ఉన్నాడని నిందించడం అన్యాయం.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. "పాపం, కొత్తోడు" అని శ్రుతి పోయినా, మాట తడబడినా లేచి నిలబడి చప్పట్లు కొట్టడం. మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ చప్పట్లు ఆ పిల్లవాడికి ఏమీ నేర్పవు. పెద్దాయన పద్యాన్ని ఎంత నిక్కచ్చిగా వింటామో, ఇతని పద్యాన్నీ అంతే నిక్కచ్చిగా వినాలి. బాగున్న చోట వన్స్ మోర్ అనాలి, బాగోలేని చోట ఊరుకోవాలి. రంగం అయ్యాక మేకప్ గదికి వెళ్లి, ఫలానా చోట అర్థం విరిగిందయ్యా అని చెప్పాలి. నటుడికి అంతకంటే పెద్ద మర్యాద లేదు.

బృందాల వారిని అడిగేవి కొన్ని ఉన్నాయి. పాత్రకు ఇద్దరుంటే కరపత్రం మీద ఇద్దరి పేర్లూ వేయండి, ఒకే సైజు అక్షరాల్లో. ఏ రోజు ఎవరో తేదీతో సహా రాయండి. రెండో నటుడికి ఒక పూట ఖాయంగా ఇవ్వండి. ఆదివారం మధ్యాహ్నం ఆట ఇచ్చినా సరే, అది అతని ఆట అని నలుగురికీ తెలియాలి. హఠాత్తుగా మార్పు వస్తే, రాని మనిషి గురించి ఒక వాక్యం, వచ్చిన మనిషి గురించి మూడు వాక్యాలు చెప్పండి. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ ఊరివాడు, అంతకుముందు ఏ వేషం కట్టాడు. మా ఊరి పిల్లగాడని తెలిస్తేనే సగం హాలు అతని వైపు ఉంటుంది. డ్రెస్సు కూడా అతని కొలతకు కుట్టించండి. జారిపోతున్న కిరీటాన్ని చేత్తో సర్దుకుంటూ ఏ కృష్ణుడు రాయబారం నడపగలడు?

అన్నిటికంటే ముఖ్యం రిహార్సల్. పెద్దాయన రాని రోజున మాత్రమే ఇతన్ని హార్మోనియం పక్కకు పిలవడం ఆపండి. అతని గొంతు ఏ శ్రుతిలో హాయిగా నిలుస్తుందో ముందే చూసి, ఆ శ్రుతికి పద్యాలన్నీ సాధన చేయించండి. పూర్వం మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినబడాలని పై శ్రుతిలో పాడేవారు. అదే గొప్పతనమని మనకు అలవాటైంది. ఇప్పుడు కాలర్ మైకు ఉంది. కింది శ్రుతిలో పాడితే నటుడు తక్కువవాడు కాదు, మాట ఇంకా స్పష్టంగా వినబడుతుంది.

ఇది నేను నోటితో చెబితే నమ్మకం కుదరకపోవచ్చు. ఆ రాత్రి రెండో రంగంలో శ్రుతి దించిన హార్మోనిస్టు ఈ సభలోనే ఉన్నారు. ఆ అబ్బాయి కూడా వచ్చాడు. ఒకే పద్యాన్ని ముందు పెద్దాయన శ్రుతిలో, తర్వాత తన శ్రుతిలో పాడతాడు. మీరే వినండి. బాబూ, పైకి రా. ముందు నీ పేరు, మీ ఊరి పేరు చెప్పి మొదలుపెట్టు.