మురుగునీరు చెప్పిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

2020 ఆగస్టు గుర్తుందా? కరోనా పరీక్ష కోసం క్యూలో నిలబడి, రిపోర్టు వచ్చేదాకా ఇల్లంతా టెన్షన్ పడిన రోజులవి. అప్పుడే మన నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించారు. వైరస్ సోకినవారి మలంలో దాని ఆనవాళ్లు 35 రోజుల దాకా బయటపడవచ్చు. దగ్గూ జ్వరం లేకుండా తిరిగేవాళ్లవి, ఈమధ్యే కోలుకున్నవాళ్లవి కూడా ఆ నీటిలో కలుస్తాయి. లెక్క కట్టి చూస్తే, ఆ నెల రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండవచ్చని తేలింది. పరీక్షల్లో బయటపడిన కేసులు అందులో చిన్న భాగమే. ఒక్కరి ముక్కులోనూ పుల్ల పెట్టలేదు, ఒక్కరి పేరూ అడగలేదు. ఊరి ఆరోగ్యం తెలిసింది, ఎవరి గుట్టూ బయటపడలేదు. ఆరోగ్య సమాచారం సేకరించే తీరు ఇలా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక్కో మనిషి నుంచి విడిగా సేకరించే సమాచారమూ అవసరమే, కాదనను. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాన్ని చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. అలాంటి సమాచారానికి కాపలా మాత్రం గట్టిగా ఉండాలి.

మనుషుల లెక్క ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. 2021 మే నెలలో నెహ్రూ జూ పార్కులోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకిందని సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. వాటికి మనుషుల నుంచే అంటి ఉంటుందని భావించారు. అవి కోలుకున్నాయి. రోగాలు జంతువుల నుంచే మనకు వస్తాయని అనుకుంటాం కానీ, మన నుంచి వాటికీ వెళ్తాయి.

పశువుల డాక్టరూ మనుషుల డాక్టరూ కలిసి పనిచేయాలన్న మాట మన ఊరికి పరాయిది కాదు. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ క్రిమి దోమలో ఎలా పెరుగుతుంది, మళ్లీ రక్తంలోకి ఎలా చేరుతుంది అన్నది మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీదే ఆయన రుజువు చేశారు.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టేది మందులకు లొంగని క్రిములు. మిగతా మందులకు లొంగని ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న రోగికి చివరి ఆశగా ఇచ్చే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్నే కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలో కలిపేవారు. తక్కువ మోతాదులో రోజూ మందు తగిలితే బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. వాటికి కోళ్ల ఫారం గేటు అడ్డం కాదు: పనివాళ్ల చేతుల మీదుగా, ఎరువు మీదుగా, నీళ్ల మీదుగా మనదాకా వస్తాయి. 2019లో కేంద్రం ఆహారానికి పెంచే పశువులు, కోళ్లు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి పని. అయితే ఫారంలో వాడిన మందులు ఒక పుస్తకంలో, ఆసుపత్రిలో లొంగని క్రిములు ఇంకో పుస్తకంలో ఉన్నంతకాలం ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం.

కుక్కకాటు సంగతీ అంతే. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే వ్యాప్తి ఆగుతుంది. కుక్క కరిచినవాళ్లు టీకా కోసం నారాయణగూడలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఐపీఎంకు ఏయే బస్తీల నుంచి వస్తున్నారో ఆ లెక్కను, ఏ బస్తీలో ఎన్ని కుక్కలకు టీకా పడిందో ఆ లెక్కను పక్కపక్కన పెడితే, ముందు ఎక్కడికి వెళ్లాలో మున్సిపల్ పశువైద్య విభాగానికి తెలిసిపోతుంది.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. పసుపూ కారం పెట్టకండి. అదే రోజు టీకాకు వెళ్లండి. చీటీ రాసేటప్పుడు మీ ఇంటి చిరునామాతో పాటు, కుక్క కరిచింది ఏ వీధిలోనో కూడా చెప్పి రాయించండి.

నమస్కారం.