డైలీ డిస్పోజబుల్ లెన్సులు: నెల్లూరు ఎండకీ ఒంగోలు దుమ్ముకీ పనికొస్తాయా?

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ ఏదో ఒక్క బ్రాండు గురించి కాదు, పొద్దున పెట్టుకుని సాయంత్రం తీసి చెత్తబుట్టలో పడేసే డైలీ సాఫ్ట్ లెన్సులు, ఆ రకం మొత్తం గురించి. తీర్పు ముందే చెప్పేస్తా, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. పెళ్ళికో, షటిల్ ఆటకో, వారానికి రెండు మూడు సార్లు మాత్రమే కళ్ళజోడు పక్కన పెట్టేవాళ్ళకి ఇదే సరైన రకం. రోజూ వాడేవాళ్ళకీ కంటికి మంచిదే, జేబుకే బరువు. ఇక "ఇంత డబ్బు పోసి ఒక్కరోజుకే పారేయాలా, ఇంకో రోజు లాగిద్దాం" అనే మనిషైతే మాత్రం దయచేసి కొనొద్దు. నెలవారీ లెన్స్ తీసుకుని సొల్యూషన్‌తో (లెన్స్ కడిగే మందు నీరు) బుద్ధిగా కడుక్కోండి, అదే నయం.

ఇది పిసినారితనం మీద వెటకారం కాదండీ. డైలీ లెన్స్ పల్చగా ఉంటుంది, కడిగి మళ్ళీ వాడటానికి తయారుచేసింది కాదు. సాయంత్రానికి దాని మీద కన్నీళ్ళలోని ప్రోటీను, కొవ్వు, బయటి దుమ్ము పేరుకుంటాయి. నెలవారీ లెన్సుల్లో సగం గొడవ రాత్రి వాటిని దాచే ఆ చిన్న డబ్బాతోనే, లోపల తడిలో సూక్ష్మక్రిములు చేరతాయి. ఆ డబ్బానే లేకుండా చేయడం కోసం మనం ఎక్కువ డబ్బు ఇస్తున్నాం. మళ్ళీ లెన్స్‌ని రాత్రికి డబ్బాలో వేస్తే ఇచ్చిన డబ్బు దేనికి? రెండు గంటలే పెట్టుకున్నా సరే, తీశాక అది చెత్తే.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఒకటుంది. పెట్టె మీద 30 అని ఉంటే అవి 30 జతలు కావు, 30 లెన్సులు. రెండు కళ్ళకీ ఒకే పవర్ ఉంటే 15 రోజులకి వస్తాయి, వేర్వేరు పవర్లైతే రెండు పెట్టెలు కొనాలి. ఆన్‌లైన్‌లో ధర చూసి సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, ఫిట్టింగ్. కళ్ళజోడు చీటీ తీసుకెళ్ళి "ఇదే పవర్‌లో లెన్స్ ఇవ్వండి" అంటే కుదరదు. కళ్ళజోడు కంటికి ఓ 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది కాబట్టి 4 దాటిన సైటుకి పవర్ మారుతుంది. జోడులో మైనస్ 6 ఉన్నవాళ్ళకి లెన్స్ మైనస్ 5.50 దగ్గరికి వస్తుంది. సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు చీటీలో రాసే పవర్) చెప్పుకోదగినంత ఉంటే దాన్ని సరిచేసే టోరిక్ లెన్స్ అడగాలి. నల్లగుడ్డు వంపు కొలుస్తారు, ట్రయల్ లెన్స్ పెట్టి కాసేపు కూర్చోబెట్టి, స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చూస్తారు. రెప్ప కొట్టినప్పుడు లెన్స్ కొంచెం కదలాలి. అసలు కదలకపోతే బిగువు, కన్నీరు లెన్స్ కిందికి చేరదు, సాయంత్రానికి ఎర్రబడుతుంది. మరీ జారిపోతుంటే వదులు, రెప్ప కొట్టినప్పుడల్లా చూపు మసకబారుతుంది. ఈ చూపించుకోవడం లేకుండా కౌంటర్ మీద పెట్టె తీసి ఇచ్చే షాపు నుంచి నేనైతే కొనను. నలభై దాటినవాళ్ళకి ఇంకో మాట. మైనస్ సైట్ ఉంటే, జోడుతో చదవగలిగిన పేపరు లెన్స్‌తో కాస్త కష్టమవుతుంది, అది లెన్స్ లోపం కాదు.

బ్రాండ్ల మాట అడుగుతారు కదా. అక్యూవ్యూ మాయిస్ట్ పాత తరహా హైడ్రోజెల్ (నీరు పీల్చుకునే మెత్తని ప్లాస్టిక్), 58 శాతం నీరు, బేస్ కర్వ్ అంటే లెన్స్ లోపలి వంపు 8.5, 9.0 రెండిట్లో దొరుకుతుంది. బాష్ అండ్ లాంబ్ వాళ్ళ బయోట్రూ వన్‌డేలో నీరు 78 శాతం, కర్వ్ 8.6. కూపర్‌విజన్ క్లారిటీ వన్‌డే సిలికాన్ కలిపిన హైడ్రోజెల్, 56 శాతం నీరు, గాలి మాత్రం ఎక్కువ పోనిస్తుంది. నీటి శాతం ఎక్కువుంటే కన్ను పొడిబారదని అనుకోకండి, ఏసీ గదిలో ఆ నీరు ఆరిపోతుంది కూడా. రోజంతా పెట్టుకునేవాళ్ళు సిలికాన్ రకం ఒకసారి ట్రయల్ అడగండి. కర్వ్ ఒకటే కదా అని మీ అంతట మీరు బ్రాండు మార్చేయొద్దు, పదార్థం మారితే కంటి మీద కూర్చునే తీరూ మారుతుంది.

పెట్టుకోవడం మూడు ముక్కల్లో చెప్తా. సబ్బుతో చేతులు కడిగి, పోగులు రాలని గుడ్డతో బాగా ఆరేలా తుడవండి. వేలి మీద లెన్స్ గిన్నెలా నిలబడాలి, అంచులు పళ్ళెంలా బయటికి వాలితే తిరగబడినట్టు. ఎప్పుడూ కుడి కన్నుతోనే మొదలుపెడితే ఎడమ పవర్ కుడికి పోదు. తీసేటప్పుడు పైకి చూసి, లెన్స్‌ని తెల్లగుడ్డు మీదికి దించి రెండు వేళ్ళ మెత్తతో మెల్లగా పట్టి తీయండి, గోరు తగలకూడదు. ఆరిపోయి అంటుకుంటే లాగొద్దు, లెన్స్ మీద వేయదగిన చుక్కలు వేసి ఆగండి. లెన్స్ కన్ను వెనక్కి పోతుందనే భయం వద్దండీ, రెప్ప లోపలి పొర మడత దాన్ని పోనివ్వదు. కాటుక, మేకప్ లెన్స్ పెట్టుకున్నాక వేసుకోండి, లెన్స్ తీశాక తుడుచుకోండి.

నీళ్ళ దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటా. కొళాయి నీరైనా, బోరు నీరైనా, ఫిల్టర్ నీరైనా లెన్స్‌కి తగలకూడదు, అంతే. అకాంతమీబా అనే జీవి మామూలు నీళ్ళలోనే ఉంటుంది. లెన్స్ కింద చేరితే నల్లగుడ్డును తినేస్తుంది, వైద్యం నెలల తరబడి, ఒక్కోసారి కంట్లో పువ్వు మిగిలిపోతుంది. కాబట్టి మైపాడులోనో కొత్తపట్నంలోనో అలల్లోకి దిగే ముందు తీసి పారేయండి. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగేవాళ్ళూ అంతే, రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళు ఆ పూటకి జోడు పెట్టుకుంటే చాలు. స్నానం లెన్స్ పెట్టుకోక ముందే.

నిద్ర కూడా అలాంటిదే. లెన్స్‌తో నిద్రపోతే కార్నియా (నల్లగుడ్డు) ఇన్ఫెక్షన్ ప్రమాదం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెర్తు మీద వాలేముందు తీసేయాలని గుర్తుపెట్టుకోండి, తెల్లారి సికింద్రాబాద్‌లో దిగాక ఇంకో జత విప్పుకోవచ్చు. డైలీలో నాకు నచ్చేది ఇదే, సొల్యూషన్ సీసా మోయక్కర్లేదు. పాత కళ్ళజోడు మాత్రం సంచిలో ఉండాల్సిందే.

చేపల పులుసు వండే ఇల్లు కదా మనది, మిరపకాయ కోసిన చెయ్యి ఉత్త నీళ్ళతో కడిగితే ఘాటు పోదు, సబ్బుతో రెండు మూడుసార్లు కడిగాకే కంటి దగ్గరికి తీసుకెళ్ళండి. చీమకుర్తి వైపు గ్రానైటు లారీల వెనక బండి మీద పోయేవాళ్ళు హెల్మెట్ అద్దం దించుకోండి. లెన్స్ దుమ్మును ఆపదు, రేణువు దాని కింద ఇరుక్కుంటే నల్లగుడ్డు మీద గీత పడుతుంది.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే లెన్స్ వెంటనే తీసి ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆ ఒక్కసారికి లెన్స్‌ని పారేయకుండా ఓ శుభ్రమైన డబ్బీలో వేసి తీసుకెళ్ళండి, పరీక్షకి పనికొస్తుంది. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేయొద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఫంగస్ పుండు ముదురుతుంది.