స్టీలు బాయిలరే కదా అని నీటిని వదిలేయకండి

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో, సరిహద్దు దాటితే కెనడాలో, పల్లె ఇళ్ల పెరట్లో చిన్న రేకుల గది లాంటిది కనిపిస్తుంది. పైన పొగగొట్టం, ముందు బరువైన తలుపు. అది ఆరుబయట కట్టెల బాయిలర్. లోపల పొయ్యి, పొయ్యి చుట్టూ నీళ్లు. మంటకు నీరు 80 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. పంపు ఆ నీటిని భూమిలో పాతిన గొట్టాల గుండా ఇంట్లోకి తోస్తుంది. గదులను వెచ్చబరిచి, చల్లబడిన నీరు మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. చలికాలమంతా తిరిగేది ఆ ఒక్క నీరే.

చాలా ఖరీదు పెట్టి స్టెయిన్‌లెస్ స్టీలు బాయిలర్ కొన్నవారు, ఇక తుప్పు బెంగ లేదు, ఏ నీరు పోస్తేనేం అనుకుంటారు. నా అభ్యంతరమంతా ఈ మాట మీదే.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. దానివల్ల లోహం మీద కంటికి ఆనని పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి అల్లుకుంటుంది. ఉక్కును కాపాడేది అదే. దానికి పగవాడు క్లోరైడు, అంటే ఉప్పులో ఉండే భాగమే. క్లోరైడు ఎక్కువైన చోట పొర తెగి, లోహంలో సూదిమొన పాటి గుంట పడుతుంది. చుట్టూ స్టీలు తళతళలాడుతూనే ఉంటుంది, గుంట మాత్రం లోపలికి దిగుతూ పోతుంది. 304 రకం స్టీలుకు మరో ప్రమాదం కూడా ఉంది. సుమారు 60 డిగ్రీలు దాటిన వేడి, క్లోరైడు, వెల్డింగ్ అతుకుల దగ్గర లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే సన్నని పగుళ్లు పుడతాయి. నికెల్ దాదాపు ఉండని 409, 439 రకాలకు ఈ పగుళ్ల బెడద చాలా తక్కువ. గుంటల బెడద మాత్రం వాటికీ ఉంది.

రెండో చిక్కు సున్నం. మన ఊళ్లలో బోరు నీటికి గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది ఇదే. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని వెయ్యి లీటర్లు నింపితే, లోపలికి వెళ్లే సున్నపు పదార్థం 300 గ్రాములు. ఒకసారితో ఆగితే అది పెద్ద మొత్తం కాదు. కానీ ఎక్కడో గొట్టం కారుతోంది, వారానికి 50 లీటర్లు కొత్త నీరు పోస్తున్నారు అనుకుందాం. ఆరు నెలల చలికాలంలో 1300 లీటర్లు, అంటే మరో 390 గ్రాములు. అందులో చాలా భాగం అన్నిటికన్నా వేడిగా ఉండే పొయ్యి గోడకే అంటుకుంటుంది. ఆ పెచ్చు కింద లోహం అతిగా వేడెక్కుతుంది, పెచ్చు సందుల్లో క్లోరైడు చిక్కబడుతుంది. ఈ బాయిలర్లలో ఎక్కువ రకాలు పైన గాలికి తెరిచి ఉంటాయి. ఆవిరి పోతుంది, క్లోరైడు పోదు. పోసిన ప్రతి బిందె నీరూ తన ఉప్పును, కొత్త ఆక్సిజన్‌ను లోపల వదిలిపెడుతుంది. అందుకే నీరు తగ్గిందంటే వెంటనే కొత్త నీరు పోయకండి, ముందు లీకు ఎక్కడుందో వెతకండి.

వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది కదా అంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది. క్లోరైడును ముట్టుకోదు. ఉప్పునీటితో శుద్ధి చేసుకున్నాక సరిగా కడుక్కోకపోతే, పైగా ఇంకాస్త కలుపుతుంది. ఆర్ఓ నీరు లేదా ఖనిజాలు తీసేసిన నీరు నయం. అయితే ఆ నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి, తయారీదారు చెప్పిన రసాయనం తప్పనిసరిగా కలపాలి. సాధారణంగా అందులో సోడియం నైట్రైట్ గానీ మాలిబ్డేట్ గానీ ఉంటుంది. నీటిని కొద్దిగా క్షార గుణంలో ఉంచుతుంది. బాయిలర్ స్టీలుదే అయినా పంపులూ కొన్ని గొట్టాలూ ఇనుమువి, వాటికీ ఇది రక్ష. ఒక కంపెనీ రసాయనంలో మరొకటి కలపకండి. నైట్రైట్ విషం. ఆ నీరు తాగే నీటి గొట్టాల్లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ చేరకూడదు.

ఏడాదికి ఒకసారైనా నీటిని పరీక్ష చేయించండి. పంపు తిరుగుతూ ఉండగా అడుగు కుళాయి నుంచి మొదట వచ్చే మురికి నీటిని వదిలేసి, తర్వాతి నీటిని శుభ్రమైన గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. ఎర్రగా ఉంటే ఆక్సిజన్ చేరుతోంది, ఎక్కడో ఇనుము తుప్పు పడుతోంది. రంగు బాగుందని సరిపెట్టుకోకండి, క్లోరైడుకు రంగు లేదు. పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత), రసాయనం మోతాదు, క్లోరైడు మూడూ కొలవాలి. చాలా కంపెనీలు వారంటీకి ఈ పరీక్షల కాగితాలు అడుగుతాయి.

వేసవిలో బాయిలర్ ఖాళీ చేయడం చాలామంది అలవాటు. అలా చేస్తే తడి గోడలకు గాలి తగిలి నష్టం ఎక్కువ. ఆ రసాయనం కలిపిన నీటితో నిండుగా ఉంచి, అప్పుడప్పుడు పంపు తిప్పండి. పొయ్యిలోని బూడిద మాత్రం పూర్తిగా ఎత్తేయండి, అది తేమను పీల్చుకుని మంట వైపు లోహాన్ని తింటుంది. నీటిని మార్చాల్సి వస్తే పాతదాన్ని వాగులోకో బావి దగ్గరికో వదలకుండా, స్థానిక అధికారులను అడిగి పారబోయండి.

నమస్కారం.